టెంటు ఎవల మీద?

పాల్మాకుల కౌసల్యమ్మ గొంతుకు విమానాలంటే లెక్కలేదు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఒక అలవాటు పట్టుకుంది. నెత్తి మీదుగా విమానం పోతుంటే మాట మధ్యలో ఆపేసి, మోత తగ్గాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచే అందుకుంటారు. పెళ్లి మాటలైనా, గెట్టు తగాదా అయినా ఇదే వరస. కౌసల్యమ్మ ఒక్కతే ఆపదు. విమానం దాని దారిన అది అరుస్తుంది, ఈమె తన దారిన తాను అరుస్తుంది. తెలంగాణ కోసం శంషాబాద్ చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్న ఆ ఏళ్లన్నిటా "జై తెలంగాణ" అని మొదట ఎత్తుకున్న గొంతు ఆమెదే. మిగతావాళ్లంతా వెనక అందుకునేవాళ్లు.

అలాంటి మనిషి, రాష్ట్రం వచ్చి ఆర్నెల్లయినా నిండకముందే, నోట మాట రాక ఇంటి అరుగు మీద కూలబడింది. కారణం ఒక మోరి.

ఊరి పక్కనే బెంగుళూరు హైవే ఉంది. దాని కింద నుంచి ఈ వైపు నుంచి ఆ వైపుకు పోయే రాతి దారి ఈ మోరి. వానాకాలం అందులో నీళ్లు పోతాయి, మిగతా కాలమంతా మనుషులూ బర్రెలూ పోతారు. మనిషి కాస్త నడుం వంచాలి. బర్రె ఎవరి కోసమూ వంగే రకం కాదు కాబట్టి, పూర్వం ఎవరో పుణ్యాత్ముడు దాని ఎత్తు చూసుకునే కట్టించాడు. ఊరు ఇటు, పొలాలూ గడ్డీ అటు. మధ్యలో లారీలు, బస్సులు, విమానం తప్పిపోతుందేమోనని ప్రాణాలకు తెగించి తోలే కార్లు. ఒక వానాకాలం మోరి పూడుకుపోతే కౌసల్యమ్మ పెనిమిటి శివయ్య బర్రెల్ని రోడ్డు మీది నుంచే తోలుకొచ్చాడు. ఒక లారీ బర్రెను పొట్టన పెట్టుకుంది, శివయ్యకు కుంటికాలు మిగిల్చింది. ఆ తర్వాత కౌసల్యమ్మ తానే పార పట్టుకుని ఆ మోరిలో మట్టి తోడింది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మిషన్లు దిగాయి. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి, సోమవారం పొద్దున మోరికి గోడ కట్టేస్తామని తాపీగా చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

"ఇగ బర్రెలమ్ముదాం తియ్యి," అన్నాడు శివయ్య, కుంటికాలు చాపుకుని. "ఈ కాలేసుకొని రోడ్డు దాటుడు నాతోని కాదు. నువ్వు దాటితె నాకు దినాం గుండె దడ."

"బర్రెలమ్మి ఏం జేస్తవ్?"

"విమానాలు జూసుకుంట కూసుంట."

నవ్వించాలని అన్నాడు గానీ కౌసల్యమ్మకు నవ్వు రాలేదు. బర్రెలు లేని శివయ్యను ఆమె ఊహించలేదు. తెల్లారి లేస్తే ముందు బర్రెల్ని పలకరించి, తర్వాత ఆమెను పలకరించే మనిషి.

నిజానికి ఈ మోరి గండం ఇవ్వాళ్టిది కాదు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే ఒకసారి మూసేస్తామన్నారు. అప్పుడు కౌసల్యమ్మా, శివయ్యా, శంషాబాద్‌లో టెంట్ హౌస్ నడిపే బిక్షం కలిసి సెక్రటేరియట్‌కు పోయారు. బిక్షం తల్లి పుట్టిన ఊరు పాల్మాకులే, వాళ్ల పొలమూ అటు పక్కే. ఆ రోజు మంత్రి దర్శనం దొరకలేదు, ఇంకోసారి రమ్మన్నారు. ఇంకోసారి పోతే మళ్లీ ఇంకోసారి అన్నారు. అలా కాళ్లరిగేలా తిరుగుతున్న రోజుల్లోనే, ఒకనాడు వరండాలో ఒక ముసలాయన పక్కన కూర్చున్నాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి రైలెక్కి, రాత్రంతా నిలబడి వచ్చాడట. వాళ్ల చెరువు మదుముకు, అంటే తూముకు, తలుపు విరిగిపోయిందట, నీళ్లన్నీ వృథాగా పోతున్నాయట.

"మీదే ఊరమ్మా?" అని అడిగాడాయన.

"గీడనే, శంషాబాద్ కాడ."

"ఎంతదృష్టవంతులమ్మా! బస్సెక్కితే మంత్రిగారి గుమ్మంలో దిగిపోతారు. మాకు రావాలంటే ఏటి సేత్తాం, రెండు రోజుల పని సెడిపోద్ది."

తాను తెచ్చుకున్న పులిహోర పొట్లంలో సగం ఆమెకు పెట్టాడు. ఆమె జొన్నరొట్టె ఆయనకు పెట్టింది. మధ్యాహ్నం దాటాక ఒక అధికారి బయటికొచ్చి, ఇద్దరి మాటా ఒకేసారి విన్నాడు. చెడ్డవాడేం కాదు, అలిసిపోయి ఉన్నాడంతే. "ఇరవై మూడు జిల్లాల రాష్ట్రమమ్మా ఇది. ఒక్కొక్క మోరినీ ఒక్కొక్క మదుమునూ చూడాలంటే ఎవరి తరం?" అని, ఇద్దర్నీ ఒకే గుమ్మం లోంచి ఒకేసారి పంపించేశాడు.

బస్సులో కౌసల్యమ్మకు ఆ ముసలాయన మాటే చెవిలో తిరిగింది. ఆయన రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు, తాను బస్సెక్కి వచ్చింది. ఇద్దరికీ దక్కింది ఒకటే. దగ్గరున్నా దూరమే, దూరమున్నా దూరమే అయితే ఇక ఈ దగ్గర దేనికని ఆమెకు మండుకొచ్చింది. దానికి బిక్షం తన వ్యాపారంలోంచి ఒక మాట తీసి చెప్పాడు.

"పందిరి మరీ పెద్దగేస్తె ఏమైతది అక్కా? నడుమ కూసున్నోనికే నీడ. అంచుకున్నోళ్లందరికి ఎండనే. చిన్న పందిర్లు రెండెయ్యాలె."

అప్పుడు రోడ్డు పని దానంతట అదే ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. కానీ ఆ పందిరి మాట మాత్రం కౌసల్యమ్మ మనసులో నాటుకుపోయింది. మరుసటి ఏడు తెలంగాణ పోరు రాజుకోగానే, ఎవరూ పిలవకుండానే చౌరస్తాకు పోయి నిలబడింది. బిక్షం టెంటు తెచ్చి వేశాడు. ఆ టెంటు కిందే మల్లేశ్వర్ పరిచయమయ్యాడు.

మల్లేశ్వర్ పక్క ఊరి ప్రైవేటు బడిలో పంతులు. సన్నగా, పొడుగ్గా, మాటకారి. మండలంలో పోరాటమంతా ఆయనే నడిపించాడు. చౌరస్తాలో టెంటు కిందే పడుకునేవాడు, కౌసల్యమ్మ తెచ్చిన సద్దే తినేవాడు. "అక్కా" అంటే "తమ్మీ" అనేది. సకల జనుల సమ్మె నాడు హైవే మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినప్పుడు ఆయనకు ఏ పనీ చేతకాదని తేలిపోయింది. పొయ్యి ముట్టించమంటే పొగ పెట్టాడు, బియ్యం కడగమంటే సగం రోడ్డుపాలు చేశాడు. చివరికి కౌసల్యమ్మ ఒక కత్తీ, గంపెడు ఉల్లిగడ్డలూ ముందు పడేసింది. కళ్లూ ముక్కూ కారిపోతుంటే, "తెలంగాణ కోసం కండ్లనీళ్లు పెట్టుకునేటోణ్ని మండలం మొత్తంల నేనొక్కన్నే అక్కా," అన్నాడు. ఆ రోజు నుంచి వంటావార్పు ఎక్కడ పెట్టినా ఉల్లిగడ్డల పని మల్లేశ్వర్‌దే. బండ్లు ఆగిపోయి, సూట్‌కేసులు లాక్కుంటూ నడిచిపోతున్న విమానం ప్రయాణికులకు కూడా ఆ కూరే వడ్డించారు. వాళ్లలో కొందరు తిట్టుకుంటూ తిన్నారు, కొందరు అడిగి పెట్టించుకున్నారు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు కౌసల్యమ్మ ఏడ్చింది, నవ్వింది, శివయ్యను కుంటికాలుతోనే ఆడించింది. కొత్త సర్కారు మల్లేశ్వర్‌కు ఒక చైర్మన్ కుర్చీ ఇచ్చింది. దేనికి చైర్మనో పాల్మాకులలో సగం మందికి తెలియదు. కారు మాత్రం అందరికీ కనిపించింది, దాని ముందు కూత పెట్టుకుంటూ పోయే పోలీసు జీపూ కనిపించింది. మన తమ్ముడు కుర్చీ ఎక్కాడని కౌసల్యమ్మ ఊరంతా చెక్కెర పంచింది.

ఇప్పుడు మోరి సంగతి చెబుదామని ఆ తమ్ముడికి ఫోన్ చేస్తే వేరే ఎవరో ఎత్తారు. "సార్ మీటింగ్‌లో ఉన్నరు" అన్నారు. పొద్దున చేసినా మీటింగే, పొద్దుగూకి చేసినా మీటింగే. మరుసటి రోజు చేసినా అదే గొంతు, అదే మాట. ఒకప్పుడు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నిమిషంలో తిరిగి చేసేవాడు. కౌసల్యమ్మకు కోపం రాలేదు, భయమేసింది. మోరి పోతే పొలం దారి పోతుంది, సరే. కానీ దానితో పాటు తమ్ముడు కూడా పోయినట్టేనా? ఆ మాట శివయ్యకు కూడా చెప్పలేకపోయింది.

చివరికి ఆమె ఆటో ఎక్కి శంషాబాద్‌లో బిక్షం దుకాణానికి పోయింది. బిక్షం అప్పుడే ఏదో పెళ్లికి కుర్చీలు కడిగిస్తున్నాడు.

"టెంటు గావాలె బిక్షం," అంది కౌసల్యమ్మ. "సోమారం పొద్దుగాల, మోరి కాడ."

"ఎవల మీద అక్కా?"

అయిదేళ్లలో బిక్షం ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

"చెప్పక్కా. అప్పుడంటె ఎవల మీదేసినమో అందరికెర్కె. ఇప్పుడెవల మీద? సర్కారు మనది, మల్లేశన్న మనోడు. మనోళ్ల మీద మనమే టెంటేస్తె నలుగురు ఏమనుకుంటరు? రాష్ట్రం దెచ్చుకొని ఆర్నెల్లు గాలె, అప్పుడే లొల్లి షురూ జేసిన్రంటరు."

"మరి మోరి మూస్తె?"

బిక్షం కడిగిన కుర్చీనే ఇంకోసారి తుడిచాడు. "జర ఓపిక పడదాం. సర్కారు సుత కుదురుకోవాలె గద."

"సర్కారు కుదురుకునేటాల్లకు గోడ లేస్తది," అంది కౌసల్యమ్మ. "నువ్వే జెప్పినవ్ గద, చిన్న పందిర్లయితె అందరికి నీడ అని. పందిరి చిన్నగైంది గని, నా మీద ఇంకా ఎండనే గొడుతుంది. నేను గిప్పుడు ఏం జెయ్యాల్నో చెప్పు."

పైన ఒక విమానం పోయింది. బిక్షం అలవాటుగా ఆగి, అది పోయాక నిట్టూర్చాడు. "పెళ్లి టెంటియ్య. పెళ్లి కరాబైతది. పాతది, చౌరస్తాలేసింది ఉన్నది. గదే దెస్త."

దాంతో కౌసల్యమ్మకు కొంచెం ఊపిరాడింది. అయినా ఊరు కదలడం అంత తేలిక కాలేదు. చౌరస్తాకు పోదాం రమ్మంటే ఒకప్పుడు పొయ్యి మీద పాలు కూడా దించకుండా వచ్చిన ఆడవాళ్లు, ఇప్పుడు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "పోలీసులు గూడ మనోళ్లే గద వదినా, మనోళ్లు గొడితె ఎవలికి జెప్పుకుందం?" అంది సత్తెమ్మ. సత్తెమ్మ కౌసల్యమ్మకు మరదలి వరస, ఉన్నమాట మొహం మీదే అనే మనిషి. సర్కారు దూరంగా ఉన్నప్పుడు తిట్టడం సులువు, ఎవరు తిట్టారో వాళ్లకు తెలియదు. ఇప్పుడు తిడితే సాయంత్రానికల్లా పేరుతో సహా తెలిసిపోతుంది. చిన్న రాష్ట్రంలో ఈ చిక్కు ఉందని చౌరస్తాలో ఉపన్యాసాలు ఇచ్చిన ఒక్క మహానుభావుడూ చెప్పలేదు.

"కొట్లాడొద్దు తియ్యి," అంది చివరికి. "వంట జేద్దాం. వంటకు రండ్రి."

వంట అంటే మాత్రం అందరూ వచ్చారు.

సోమవారం పొద్దున హైవే పక్కన, మోరి నెత్తి మీద, రంగు వెలిసిన పాత టెంటు లేచింది. మూడు రాళ్ల పొయ్యిలు రెండు పెట్టారు. ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద పప్పు. మిషను డ్రైవరు దూరంగా మిషను ఆపుకుని, వీళ్లు తిని వెళ్లిపోతారేమోనని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అరుణ్‌కుమార్ వచ్చాడు. ఆయన శంషాబాద్ ఠాణాలో హెడ్ కానిస్టేబుల్. పోరు నాళ్లలో కౌసల్యమ్మను ఎన్నిసార్లు ఎత్తి వ్యాన్‌లో వేశాడో ఆయనకే గుర్తులేదు.

"మల్ల నిన్ను ఎత్తాల్నా అక్కా?" అన్నాడు దీనంగా. "నా నడుము అప్పటి లెక్క లేదు."

"నేను సుత అప్పటి లెక్క లేను, లావైన. కూసో, పప్పయితుంది."

"గది కాదక్కా. చైర్మన్ సాబ్ ఇప్పుడే ఈ దారిల షాద్‌నగర్ దిక్కు పోతున్నడు. మీరు రోడ్డెక్కద్దు, ఆయన ఆగడు. డ్రైవర్‌కు సుత చెప్పిన్రు, యాడ ఆపద్దని. నాకు పరేషాన్ జెయ్యద్దు, నీకు దండం బెడత."

మల్లేశ్వర్ ఈ దారిలోనే పోతున్నాడని విని కౌసల్యమ్మ పప్పు గరిటె పక్కన పెట్టింది. బిక్షం పక్కకొచ్చి చెవిలో అన్నాడు: "అక్కా, మంచి మోక దొరికింది. ఇద్దరం కల్సి అనుకున్నం గద, గదే అను. 'మోరి మూస్తే ఊకోం' అను. గట్టిగను." ఆడవాళ్లందరికీ ఆ మాట రెండుసార్లు నేర్పించారు. మొదటిసారి సగం మంది మరిచిపోయారు, రెండోసారి మిగతా సగం నవ్వారు.

దూరంగా జీపు కూత వినిపించింది. పైన విమానం కూడా అదే సమయానికి దిగుతోంది. కౌసల్యమ్మ కొంగు నడుముకు చుట్టి, టెంటు ముందుకొచ్చి నిలబడి, పిడికిలి పైకెత్తింది. ఎత్తిందో లేదో, అయిదేళ్ల అలవాటు ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది.

"జై తెలంగాణ!"

"జై జై తెలంగాణ!" అని టెంటు దద్దరిల్లింది. మోరి గీరి అంటే మొహమాటపడుతున్న ఆడవాళ్లకు ఈ మాట పాలల్లో చెక్కెరలా దిగింది. ఆర్నెల్లుగా అరవక మొద్దుబారిన గొంతులన్నీ విడివడ్డాయి. మిషను డ్రైవరు కూడా చెయ్యెత్తాడు. అరుణ్‌కుమార్ పెదవులు కదిలాయని సత్తెమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

కౌసల్యమ్మ నాలుక కరుచుకుంది. నిరసన పెట్టుకుని జేజేలు కొట్టిన మొదటి ఆడదాన్ని నేనే అనుకుని, సిగ్గుతో చచ్చిపోయింది. జీపు దూసుకుపోయింది. దాని వెనక తెల్ల కారూ దూసుకుపోయింది. బిక్షం తల పట్టుకున్నాడు.

కొంచెం దూరం పోయాక ఆ తెల్ల కారు కీచుమని ఆగింది. ఆగి, వెనక్కి వచ్చింది.

తలుపు తెరుచుకుని మల్లేశ్వర్ దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, కొంచెం ఒళ్లు వచ్చింది. రెండు చేతులూ జోడించి, మొహం చేటంత చేసుకుని వస్తున్నాడు. వెనక ఆయన మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. "మనోళ్లు మనకు స్వాగతం జేస్తున్నరు, ఆగకపోతె ఎట్ల?" అని వాళ్లతో అంటున్నాడు. టెంటులోకి వచ్చి, ఆ వెలిసిన గుడ్డను చూసి నిలబడిపోయాడు.

"గిది చౌరస్తాల టెంటే గద బిక్షం?"

"అవునన్నా."

నడిమి గుంజకు ఆనుకుని కూర్చోవడం ఆయనకు పాత అలవాటు. కాళ్లు వాటంతటవే అక్కడికే తీసుకుపోయాయి. చాప మీద కూర్చున్నాడు. దండ వేస్తారేమోనని మెడ కొంచెం ముందుకు కూడా వంచాడు. సత్తెమ్మ వచ్చి, దండకు బదులు కత్తీ, ఉల్లిగడ్డల గంపా ఆయన ముందు పెట్టింది.

"ఏంది గిది?" అన్నాడు నవ్వుతూ.

"నీ పనే," అంది కౌసల్యమ్మ. "కోసుకుంట ఇను తమ్మీ. గిది స్వాగతం గాదు. నీ మీద ఏసిన టెంటు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయన మనుషులు గుసగుసలాడారు. ఒకడు ముందుకొచ్చి, "సార్, టైమవుతుంది, పోదాం పాండ్రి," అన్నాడు. కౌసల్యమ్మకు అది ఫోన్‌లో విన్న గొంతేనని వెంటనే తెలిసిపోయింది. మల్లేశ్వర్ లేవలేదు. కౌసల్యమ్మ మోరి సంగతంతా చెప్పింది. గోడ సంగతి, శివయ్య కాలు, ఫోన్ల సంగతి, మీటింగుల సంగతి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె ఎదురుచూసింది ఒక్క మాటకే. 'సూద్దాం' అంటాడేమోనని భయం. ఆ మాట ఆమె సెక్రటేరియట్‌లో చాలాసార్లు విన్నది. తమ్ముడి నోట కూడా అదే వస్తే, ఇక రాష్ట్రం పెద్దదైతేనేం, చిన్నదైతేనేం.

"మనోళ్ల మీదనే టెంటా అక్కా?" అన్నాడు మల్లేశ్వర్ చివరికి. ఆయన మొహంలో నిజంగానే నొప్పి కనిపించింది. "రేపు పేపర్ల ఏస్తె ఏమంటరు? సొంతోళ్లే తిరగబడ్డరంటరు."

"మనోళ్ల మీద గాక ఎవల మీద అరుస్తం తమ్మీ? పరాయోని మీద ఇన్నేండ్లు అరిసినం. ఇనబడ్డదా? నువ్వు దగ్గర్నే ఉన్నవ్, నీకు ఇనబడ్తదని అరుస్తున్నం."

ఆయన తల వంచుకుని ఒక ఉల్లిగడ్డ అందుకున్నాడు. రెండు ముక్కలు చేశాడు, ఇంకొకటి అందుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. అవి ఉల్లిగడ్డలవో ఇంకెందుకో కౌసల్యమ్మ అడగలేదు. తర్వాత కత్తి కింద పెట్టి, తెల్ల లాల్చీ చేతులు పైకి మడిచాడు.

"పా, సూపియ్యి."

అందరూ గట్టు దిగి మోరి దగ్గరికి పోయారు. మల్లేశ్వర్ నడుం వంచి లోపలికి దూరాడు. సగం దూరం పోయాడో లేదో, అవతలి వైపు నుంచి శివయ్య బర్రె ఎదురొచ్చింది. దానికి చైర్మన్ అని ఎవరు చెబుతారు? మోరిలో ఇద్దరికి చోటు లేదు. బర్రె నిలబడి ఆయన మొహంలోకి చూసింది. ఆయన "హైద్, హైద్" అన్నాడు. అది ఒక అడుగు ముందుకే వేసింది. చివరికి చైర్మన్ గారే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, లాల్చీకి నాచు పూసుకుని బయటికొచ్చాడు. బర్రె వెనకే శివయ్య కుంటుకుంటూ వచ్చి, "ఏం మల్లేశా, మంచిగున్నవా?" అన్నాడు, ఎప్పుడూ పలకరించినట్టే.

మొదట నవ్వింది మల్లేశ్వరే. ఆ నవ్వు వినగానే కౌసల్యమ్మ గుండెల మీది బండ దిగిపోయింది. ఆర్నెల్ల తర్వాత వింటున్న నవ్వది, చౌరస్తాలో విన్న నవ్వే.

అక్కడే గట్టు మీద నిలబడి ఇంజినీరుకు ఫోన్ కలిపాడు. ఇంజినీరు ఆరాంఘర్ దాటి ఇటే వస్తున్నాడట. పప్పు పోపు పెట్టేలోపే జీపులో దిగాడు. అటూ ఇటూ చూశాడు, శివయ్య బర్రెల్ని చూశాడు, మోరి ముందు మట్టిలో పడ్డ డెక్కల గుర్తులు చూశాడు. తన దగ్గర ఇది నీళ్ల దారి అనే ఉంది గానీ మనుషులు నడుస్తారని ఎవరూ చెప్పలేదన్నాడు. రోడ్డు ఎంత పెరుగుతుందో అంత మేరకు మోరిని కూడా పొడిగించవచ్చట, అదేమంత గొప్ప పని కాదట. మిషను డ్రైవరును పిలిచి, ఇక్కడ పని ఆపి ముందుకు పొమ్మన్నాడు. మిషను గుర్రుమంటూ కదిలిపోతుంటే సత్తెమ్మ కూడా ముక్కున వేలేసుకుంది. ఇన్నేళ్ల గండం ఇంతలోనే పోతుందా అని అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అరుణ్‌కుమార్ అందరికంటే ముందు చాప మీద కూర్చుని విస్తరాకు పరుచుకున్నాడు.

మల్లేశ్వర్ మాత్రం తినలేదు, షాద్‌నగర్‌లో జనం ఎదురుచూస్తున్నారు. కారెక్కబోతూ కౌసల్యమ్మతో అన్నాడు: "ఇంకోసారి టెంటెయ్యకక్కా. ఫోన్ జెయ్యి."

"నువ్వెత్తుతవా?"

ఆయన కారు దగ్గరున్న ఆ ఫోన్ మనిషి వైపు ఒకసారి చూశాడు.

"ఎత్తుతె ఫోన్ జేస్త," అంది కౌసల్యమ్మ. "ఎత్తకపోతె టెంటు బిక్షం ఇంట్ల భద్రంగుంటది. సించకురా బిక్షం."

ఆ సాయంత్రం శివయ్యను ఇంట్లో కూర్చోబెట్టి తానే బర్రెల కోసం పోయింది కౌసల్యమ్మ. పొద్దు వాలుతోంది. బర్రెలు ముందు నడుస్తుంటే వెనక వంగి నడుస్తూ, మోరి గోడకు అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఎన్నాళ్ల తర్వాతో ఆమెకు ఒళ్లంతా తేలికైంది. ఎవరూ లేరని చూసుకుని, "మోరి మూస్తే ఊకోం" అని మెల్లగా అనుకుంది. పొద్దున రావాల్సిన మాట, ఇప్పుడొచ్చింది. మోరిలో అది అటు కొట్టుకుని ఇటు వచ్చి, గట్టిగానే వినిపించింది. బర్రె ఒకటి వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడామెకు శ్రీకాకుళం ముసలాయన గుర్తొచ్చాడు. పేరైనా అడగలేదు ఆ రోజు. ఉన్నాడో లేడో. వాళ్ల రాష్ట్రం కూడా చిన్నదైంది కదా, బెజవాడ దగ్గర రాజధాని కడతారట. అది లేచాక హైదరాబాద్ అంత దూరం ఆయన రానక్కర్లేదు. రైల్లో రాత్రంతా నిలబడే బాధ కొంతైనా తప్పుతుంది. ఆయనకు కూడా ఎవరో ఒక తమ్ముడు అక్కడ కుర్చీ ఎక్కి ఉంటాడు. ఆయనా వెళ్లి గట్టిగా అరిచి ఉంటాడు. మదుముకు తలుపు పడి ఉంటుందని ఆమె గట్టిగా నమ్మింది. ఆయన పెట్టిన పులిహోర ఇంకా నోట్లో ఉన్నట్టే అనిపించింది.

మోరి దాటి వెలుతురులోకి రాగానే, రొంటిన దోపుకున్న ఫోన్ మోగింది. ఎత్తి చెవికి పెట్టుకుంటే, "సార్ మీటింగ్‌లో" అనే గొంతు కాదు.

"అక్కా, నేనే," అన్నాడు మల్లేశ్వర్. "ఉల్లిగడ్డలు గోయిచ్చినవ్, అన్నం బెట్టకుంట పంపినవ్. ఏమన్న మిగిలిందా?"

సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి విమానం వచ్చింది. కౌసల్యమ్మ ఈసారి కూడా ఆగలేదు.

"మిగిలింది," అని అరిచింది. "రా, ఎంత దూరమని?"